గ్రాఫిక్ డిజైనర్ పని: ఏఐ వచ్చాక ఏం మారింది, ఏం నేర్చుకోవాలి, ఉద్యోగం ఎట్లా వెతకాలి

హైదరాబాద్ పాతబస్తీలో ఛత్తా బజార్‌కి వెళితే ఎటు చూసినా ప్రింటింగ్ షాపులే. పెళ్లి రుక్కాలు, విజిటింగ్ కార్డులు, బిల్లు బుక్కులు, లెటర్ ప్యాడ్‌లు, రంజాన్ నెల టైం టేబుళ్లు అన్నీ అక్కడ తయారవుతాయి. ఒకప్పుడు కస్టమర్ చేతిలో చిత్తు కాగితం పట్టుకుని వచ్చేవాడు. ఇప్పుడు ఫోన్ తీసి, తయారైన డిజైనే చూపిస్తున్నాడు. మా పిల్లవాడు రాత్రి ఏఐలో చేశాడు, ప్రింట్ ఒక్కటి తీసివ్వండి, డిజైన్ డబ్బులు వేయకండి అంటున్నాడు.

ఇంటర్, డిగ్రీ అయిపోయి డిజైన్ కోర్సులో చేరదామా అని చూస్తున్న పిల్లలకు, ఫీజు కట్టాల్సిన తల్లిదండ్రులకు, పదిహేనేళ్లుగా డీటీపీ మీదే ఇల్లు నడుపుతున్న వాళ్లకు ఇప్పుడు ఒకటే ప్రశ్న. ఈ పనిలో ఇంకా బతుకు ఉందా?

ఉంది. కానీ మునుపటి చోట లేదు. వరల్డ్ ఎకనామిక్ ఫోరం 2025 జనవరిలో ఇచ్చిన ఉద్యోగాల నివేదికలో గ్రాఫిక్ డిజైనర్లు వేగంగా తగ్గిపోయే ఉద్యోగాల జాబితాలో ఉన్నారు. అదే నివేదికలో యాప్‌లు, వెబ్‌సైట్ల స్క్రీన్లు డిజైన్ చేసే యూఐ, యూఎక్స్ డిజైనర్లు వేగంగా పెరిగే ఉద్యోగాల జాబితాలో ఉన్నారు. రెండూ డిజైన్ పనులే. ఒకటి కిందికి పోతోంది, ఒకటి పైకి పోతోంది. తేడా ఎక్కడుందో అర్థమైతే సగం నిర్ణయం అయిపోయినట్టే.

ఇది మొదటి మార్పు కాదు

కంప్యూటర్ రాకముందు ఉర్దూ పత్రికలు, పుస్తకాలు, రుక్కాలు అన్నీ కాతిబ్‌లు చేత్తో రాసేవారు. నస్తాలీఖ్ రాతలో అక్షరాలు ఏటవాలుగా దిగుతూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి కాబట్టి మెషీన్‌తో రాయించడం చాలాకాలం కుదరలేదు. మీర్జా అహ్మద్ జమీల్ రాసిన అక్షర రూపాలతో మోనోటైప్ కంపెనీ నూరీ నస్తాలీఖ్ తయారు చేసింది. 1981లో లాహోర్‌లో జంగ్ పత్రిక దాంతోనే అచ్చయింది. 1994లో మన దేశంలోనే తయారైన ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ ఆ నస్తాలీఖ్‌ని మామూలు కంప్యూటర్ మీదికి తెచ్చింది. కాతిబ్‌ల పని చాలావరకు ఆగిపోయింది.

తెలుగులోనూ ఇదే కథ. పేజ్‌మేకర్, అను ఫాంట్లు నేర్చుకున్నవాళ్లకు డీటీపీ ఒక మంచి ఉపాధి అయింది. పేజ్‌మేకర్ చివరి పెద్ద వెర్షన్ 2001లో వచ్చింది. ఆ తర్వాత ఇన్‌డిజైన్ దాని చోటు తీసుకుంది. 2013లో అడోబీ తన సాఫ్ట్‌వేర్లను నెలవారీ చందా పద్ధతికి మార్చింది. అదే ఏడాది ఆస్ట్రేలియాలో కాన్వా మొదలైంది. డిజైన్ రానివాళ్లు కూడా రెడీమేడ్ టెంప్లేట్‌లో పేరు మార్చి పోస్టర్ చేసుకోవడం అప్పటినుంచి అలవాటైంది.

2022లో మిడ్‌జర్నీ, డాల్-ఈ 2, స్టేబుల్ డిఫ్యూజన్ వచ్చాయి. నాలుగు మాటలు టైప్ చేస్తే బొమ్మ వస్తుంది. 2023లో ఫొటోషాప్ లోపలికే ఈ పని వచ్చేసింది. బ్యాక్‌గ్రౌండ్ తీయడం, ఫొటోలో అడ్డంగా ఉన్న మనిషిని తీసేయడం లాంటివాటికి ఇదివరకు గంట పట్టేది. ఇప్పుడు నిమిషం.

ప్రతిసారీ పోయింది చేతిపని. అక్షరం తెలిసినవాడు, కస్టమర్‌కి ఏం కావాలో తెలిసినవాడు కొత్త పరికరం పట్టుకుని నిలబడ్డాడు. కానీ అందరూ నిలబడలేదు, అది కూడా దాచకుండా చెప్పుకోవాలి. కంప్యూటర్ నేర్చుకోలేని వయసులో ఉన్న కాతిబ్‌లకు ఆ మార్పు చాలా కష్టమైంది. ఇప్పుడు కూడా కొందరికి అట్లాగే అవుతుంది. అందుకే ఆలస్యం చేయొద్దు.

మెషీన్ తప్పు చేస్తే డబ్బు ఎవరు కడతారు?

బీకాం చదివేటప్పుడు సెలవుల్లో ఒక డీటీపీ షాపులో కూర్చునేవాణ్ని. ఒక పెళ్లి కార్డు, ఒకపక్క ఉర్దూ, ఒకపక్క తెలుగు. ఉర్దూ వైపు అంతా సరిగ్గా ఉంది. తెలుగు వైపు వలీమా తేదీ సరిగ్గానే టైప్ చేశాను, వారం మాత్రం తప్పు. శనివారం బదులు శుక్రవారం అని పడింది. కస్టమర్ స్క్రీన్ మీద చూసి బాగుంది అని వెళ్లిపోయాడు. 300 కార్డులు అచ్చయ్యాక వాళ్ల ఇంట్లో ఒక పెద్దావిడ పట్టుకుంది. ఓనర్ చాచా నన్ను ఒక్క మాట అనలేదు. ప్రూఫ్ మీద సంతకం తీసుకున్నావా బేటా అని మాత్రం అడిగారు. తీసుకోలేదు. 300 కార్డులు మళ్లీ ప్రింట్ చేసి ఇచ్చారు, ఖర్చు షాపుదే.

ఏఐకి బొమ్మ వేయడం వచ్చు. ఆ 300 కార్డుల ఖర్చు అది భరించదు. కస్టమర్ డబ్బు ఇచ్చేది అందం కోసమే అనుకుంటాం. నిజానికి తప్పు లేకుండా, టైంకి, ప్రింట్ అయ్యేలా ఇస్తారన్న నమ్మకానికి కూడా ఇస్తాడు.

మన రెండు భాషల్లో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఉర్దూలో ఖుదా, జుదా అనే మాటలకు తేడా ఒక్క చుక్క. చుక్క పైన ఉంటే దేవుడు, కింద ఉంటే విడిపోవడం. తెలుగులో ఏఐ చేసిన బొమ్మ మీది అక్షరాలు చూడండి. శుభాకాంక్షలు అనే మాటలో క్ష, శ్రీ, ఒత్తులు చాలాసార్లు విరిగిపోయి ఉంటాయి, లేదా తెలుగులా కనిపించే ఏవో గీతలు ఉంటాయి. ఇది రోజురోజుకీ మెరుగవుతోంది, కాబట్టి దీని మీదే జీవితాంతం బతకవచ్చు అనుకోవద్దు. కానీ తప్పు పట్టుకునే కన్ను ఎప్పుడూ కావాలి. బొమ్మ ఏఐ దగ్గర తీసుకోండి, అక్షరాలు మాత్రం మీరే ఫాంట్‌తో టైప్ చేయండి.

ఏ పనులు తగ్గుతున్నాయి, ఏవి ఉన్నాయి?

తగ్గుతున్నవి: పండగ శుభాకాంక్షల పోస్టర్లు, బ్యాక్‌గ్రౌండ్ తీయడం, మామూలు లోగోలు, చూసి టైప్ చేయడం, టెంప్లేట్‌లో పేర్లు మార్చడం. ఇవి మాత్రమే వచ్చినవాళ్లకు ముందు ముందు కష్టం.

ఇంకా పని ఉన్నవి ఇవి.

ప్రింట్‌కి ఫైల్ సిద్ధం చేయడం. ప్రెస్ భాషలో ప్రీ-ప్రెస్. ఫోన్‌లో మెరిసే రంగు కాగితం మీద మురికిగా ఎందుకు పడుతుందో తెలిసినవాడు ప్రతి ప్రెస్‌కీ కావాలి.

ప్యాకేజింగ్. పచ్చళ్లు, మసాలాలు, బేకరీ, అత్తరు, బియ్యం బస్తాలు. చిన్న వ్యాపారాలన్నిటికీ లేబుల్ కావాలి. ఆహార పదార్థాల లేబుల్ మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబర్, నికర బరువు, ఎమ్మార్పీ, తయారీ తేదీ లాంటివి తప్పనిసరి. ఈ నియమాలు తెలిసిన డిజైనర్‌ని వ్యాపారి వదులుకోడు.

పుస్తకాలు, పాఠ్యపుస్తకాలు, పత్రికల పేజీలు. విజయవాడ, హైదరాబాద్ తెలుగు పుస్తకాలకు పెద్ద కేంద్రాలు.

యూఐ, యూఎక్స్. ఐటీ కంపెనీల్లో ఉద్యోగాలు ఎక్కువగా ఇక్కడే. ఫిగ్మా అనే టూల్ ప్రధానం. కానీ టూల్ కంటే మనిషి స్క్రీన్ మీద ఎక్కడ తడబడతాడో గమనించడం ముఖ్యం.

మోషన్ గ్రాఫిక్స్, వీడియో. న్యూస్ చానళ్లు, యూట్యూబ్ చానళ్లు, ఆస్పత్రులు, కాలేజీలు అన్నీ రీల్స్ అడుగుతున్నాయి.

రెండు లిపుల పని. తెలంగాణ 2017లో ఉర్దూని రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేసింది. హైదరాబాద్, నిజామాబాద్, కర్నూలు, కడప, ఆదోని లాంటి ఊళ్లలో బోర్డులు, కార్డులు, కరపత్రాలు రెండు భాషల్లో కావాలి. ఉర్దూ, తెలుగు రెండూ చదవగలిగి, రెండిటినీ ఒకే పేజీలో సరిగ్గా కూర్చగలిగినవాళ్లు తక్కువ. మన పిల్లల్లో చాలామందికి ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి వచ్చు. దాన్ని బయోడేటాలో రాయడం మర్చిపోతారు. రాయండి.

ఏ వరుసలో నేర్చుకోవాలి?

ముందు సాఫ్ట్‌వేర్ కాదు. అక్షరం, ఖాళీ జాగా, రంగు, వరుస. ఒక పోస్టర్‌లో కన్ను మొదట ఎక్కడ పడాలి, తర్వాత ఎక్కడికి పోవాలి అన్నది కాగితం, పెన్సిల్‌తోనే నేర్చుకోవచ్చు.

తర్వాత టూల్స్. ఫొటోలకు ఫొటోషాప్, లోగోలకు ఇలస్ట్రేటర్ లేదా కోరల్‌డ్రా, పేజీలకు ఇన్‌డిజైన్. డబ్బు లేకపోతే క్రాక్ వెర్షన్ జోలికి పోవద్దు. వైరస్‌తో కస్టమర్ ఫైళ్లు పోయినవాళ్లు ఉన్నారు, పైగా చట్టవిరుద్ధం. జింప్, ఇంక్‌స్కేప్, స్క్రైబస్, క్రీటా, బ్లెండర్ ఉచితం. నేర్చుకోవడానికి చాలు.

యూనికోడ్ తప్పనిసరి. అను ఫాంట్లలో చేసిన మాటర్ కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి గుర్తులు వస్తాయి. పాత ఇన్‌పేజ్ ఫైళ్లదీ అదే సమస్య. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, మల్లన్న, సూరన్న, ఎన్‌టీఆర్ లాంటి తెలుగు యూనికోడ్ ఫాంట్లు, ఉర్దూకి నోటో నస్తాలీఖ్ ఉచితంగా దొరుకుతాయి. ఇంకో సంగతి. 2023 జనవరితో అడోబీ తన సాఫ్ట్‌వేర్లలో పాత టైప్ 1 ఫాంట్లకు సపోర్ట్ ఆపేసింది. పాత ఫైళ్లు కొత్త వెర్షన్‌లో తెరిస్తే ఫాంట్ లేదు అని చూపవచ్చు. కాబట్టి పాత వర్క్ అంతా పీడీఎఫ్‌గా కూడా దాచుకోండి.

ఇన్‌డిజైన్‌లో తెలుగు ఒత్తులు విరిగినా, ఉర్దూ అక్షరాలు విడివిడిగా పడినా భయపడొద్దు. పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోండి. ఫొటోషాప్ పాత వెర్షన్లలో అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగంలో వరల్డ్-రెడీ అని ఉండేది. చాలామంది ఈ ఒక్క సెట్టింగ్ తెలియక తెలుగుని బొమ్మగా అతికిస్తుంటారు.

ప్రింట్ లెక్కలు: కార్డులు, పాంప్లెట్లకు 300 డీపీఐ, రంగులు సీఎంవైకే, అంచుల బయట 3 మిల్లీమీటర్ల బ్లీడ్. ఏఐ ఇచ్చే బొమ్మ ఫోన్‌కి సరిపోతుంది, పెద్ద సైజు ప్రింట్‌కి చాలాసార్లు సరిపోదు. కస్టమర్ తెచ్చిన బొమ్మని వద్దనకండి. దాన్ని ప్రింట్‌కి పనికొచ్చేలా చేసి, ఆ పనికి డబ్బు అడగండి.

చివరగా ఏఐ. దాచిపెట్టుకుని వాడాల్సిన అవసరం లేదు. ఐడియాలు చూపించడానికి, బ్యాక్‌గ్రౌండ్‌కి, సైజులు మార్చడానికి వాడండి. ఇంటర్వ్యూల్లో ఇప్పుడు దాని గురించి అడుగుతున్నారు.

ఎక్కడ చదవాలి?

డిగ్రీ కావాలంటే మాసబ్ ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో అప్లైడ్ ఆర్ట్‌లో బీఎఫ్ఏ ఉంది. కడపలో డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. ఐఐటీ హైదరాబాద్ బీడిజైన్‌కి యూసీడ్ పరీక్ష, ఎన్ఐడీ ఆంధ్రప్రదేశ్‌కి ఎన్ఐడీ డాట్ రాయాలి. ఫీజు తక్కువలో పని నేర్చుకోవాలంటే ఐటీఐల్లో డెస్క్‌టాప్ పబ్లిషింగ్ ఆపరేటర్ ట్రేడ్ ఉంది. హైదరాబాద్‌లో సెట్విన్ కేంద్రాలను కూడా అడిగి చూడండి.

ప్రైవేట్ ఇన్‌స్టిట్యూట్‌లో వేలు, లక్షలు కట్టే ముందు మూడు పనులు చేయండి. ఒక డెమో క్లాసులో కూర్చోండి. గతేడాది చదివిన ఇద్దరితో ఫోన్‌లో మాట్లాడండి. నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్ అంటే ఏ కంపెనీ, ఏ ఉద్యోగం, ఎంత జీతం అని కాగితం మీద అడగండి. అక్కడ తడబడితే లేచి వచ్చేయండి. నెల రోజులు ఒక ప్రెస్‌లో కూర్చుంటే తెలిసే సంగతులు కొన్ని క్లాసులో రావు.

పోర్ట్‌ఫోలియో, ఉద్యోగ వేట

సర్టిఫికెట్ కంటే చేసిన పని చూపించాలి. ముప్పై పోస్టర్లు పెట్టకండి, ఎనిమిది పెట్టండి. ప్రతిదానికీ కస్టమర్ సమస్య ఏంటి, మీరేం చేశారు, ఎందుకు చేశారు అని మూడు లైన్లు రాయండి. అనుభవం లేకపోతే మీ గల్లీలో బేకరీ మెనూ, మెడికల్ షాపు బోర్డు, మసీదు కమిటీ రంజాన్ టైం టేబుల్ తీసుకుని మళ్లీ డిజైన్ చేయండి. టైం టేబుల్ మంచి పరీక్ష. సహరీ, ఇఫ్తార్ టైం ఒక్క నిమిషం తప్పు పడినా ఎంతమంది రోజా దెబ్బతింటుందో ఆలోచించండి. బిహాన్స్‌లో ఉచితంగా పెట్టుకోవచ్చు, లింక్‌ని లింక్డ్‌ఇన్, నౌకరీ ప్రొఫైల్‌లో ఇవ్వండి. ఏఐ వాడినచోట వాడాను అని రాయండి.

మోసాలు కూడా ఇక్కడే ఉన్నాయి. ఉద్యోగం ఇస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి, లాప్‌టాప్ డిపాజిట్ కట్టండి అంటే అది మోసం. నిజమైన కంపెనీ డబ్బు అడగదు. టెస్ట్ పేరుతో పది పోస్టర్లు చేయించుకుని మాయమయ్యేవాళ్లూ ఉన్నారు. టెస్ట్ ఒక్కటి చాలు, అదీ వాటర్‌మార్క్ వేసి పంపండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

రేటు ఎట్లా పెట్టాలి?

పక్కవాడు 300 తీసుకుంటున్నాడు కాబట్టి నేనూ 300 అనేది లెక్క కాదు. ఉదాహరణకు ఇట్లా వేసుకోండి. అద్దె 6,000, కరెంట్, ఇంటర్నెట్ 2,000, సాఫ్ట్‌వేర్, ఫాంట్లు 3,000. 72,000 పెట్టిన కంప్యూటర్ నాలుగేళ్లు పనిచేస్తే నెలకు 1,500. మీకు ఇంటికి కావాల్సింది 22,500. మొత్తం 35,000. నెలలో 25 రోజులు, డబ్బు వచ్చే పని రోజుకు 5 గంటలు అనుకుంటే 125 గంటలు. అంటే గంటకు 280 రూపాయలు. మార్పులతో కలిపి రెండు గంటలు పట్టే పోస్టర్‌ని 300కి చేస్తే మీకు 260 నష్టం. ఏఐ వల్ల అదే పని అరగంటలో అయితే అప్పుడు 160 లాభం. రేటు తగ్గించాలా, టైం తగ్గించాలా అన్నది ఈ లెక్క చూశాకే తేలుతుంది.

సీజన్ కూడా చూసుకోండి. ముహర్రంలో రుక్కాలు తగ్గుతాయి, ఆషాఢంలో శుభలేఖలు తగ్గుతాయి. రెండు రకాల కస్టమర్లు ఉన్నవాళ్లకు కాస్త తేలిక. సీజన్‌లో వచ్చినదాంట్లో కొంత ఖాళీ నెలలకు తీసి పెట్టాలి.

కాగితం మీద ఉండాల్సినవి

ఎన్నిసార్లు మార్పులు ఉచితం, ఆ తర్వాత ఎంత అన్నది ముందే రాయండి. రెండుసార్లు చాలు. సగం అడ్వాన్స్ తీసుకోండి.

ఉద్యోగంలో చేసిన డిజైన్ మీద హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిది. బయటి పనుల్లో హక్కు రాసివ్వాలంటే కాపీరైట్ చట్టం ప్రకారం అది రాతపూర్వకంగా ఉండాలి. ఎంత కాలానికో రాయకపోతే 5 ఏళ్లుగా లెక్కిస్తారు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆన్‌లైన్‌లో అవుతుంది. అది ఉన్న చిన్న వ్యాపారికి ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలని చట్టం చెబుతోంది. కట్టకపోతే ఫిర్యాదు చేయవచ్చు.

ఎన్నికల కరపత్రాలు, పోస్టర్ల మీద ప్రింటర్, పబ్లిషర్ పేరు, అడ్రస్ లేకపోతే నేరం. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్‌లో ఉంది. కస్టమర్ తీసేయమన్నా తీయకండి.

డీటీపీలో ఏళ్లుగా ఉన్నవాళ్లకు

నలభై దాటాక ఫిగ్మా నేర్చుకుని ఐటీ కంపెనీలో చేరమని సలహా ఇవ్వడం తేలిక, చేయడం తేలిక కాదు. మీ దగ్గర ఉన్నది వేరే. స్పెల్లింగ్ పట్టుకునే కన్ను, కాగితం సంగతి, ప్రెస్ సంగతి, ఏళ్లనాటి కస్టమర్లు. దాని మీద రెండు మాత్రం కలుపుకోండి: యూనికోడ్ టైపింగ్, ఫొటోషాప్‌లోనో కాన్వాలోనో ఏఐ వాడటం. ఇంట్లో చదువుకునే కొడుకో కూతురో ఉంటే వాళ్లు టూల్ చూపిస్తారు, మీరు ప్రూఫ్ చూడటం నేర్పండి. కొత్తగా వచ్చేవాళ్లలో ఎక్కువగా కనిపించే లోటు అదే.

ఇక ప్రింట్‌కి పంపే ముందు ప్రతిసారీ: పేర్లు, తేదీ, వారం, టైం, ఫంక్షన్ హాల్ అడ్రస్, ఫోన్ నంబర్. గట్టిగా చదివి, క్యాలెండర్‌తో సరిచూసి, కస్టమర్ దగ్గర సంతకమో, వాట్సాప్‌లో ఓకే అనే మెసేజో తీసుకోండి. డిజైన్ మీరు చేసినా, ఏఐ చేసినా ఇది మాత్రం తప్పదు. నాకు ఇది 300 కార్డులతో తెలిసింది. మీకు ఊరికే తెలిస్తే మంచిదే.